మత్తు అలవాటున్నవారికీ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ: తరచుగా అడిగే ప్రశ్నలు

మత్తుకు అలవాటుపడిన మనిషి ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా రెండు సమయాల్లో. ఎవరికీ చెప్పకుండా ఉన్నట్టుండి మానేసినప్పుడు ఒకటి, కొన్నాళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇంకొకటి. కింది ప్రశ్నలు చాలావరకు ఈ రెండింటి చుట్టూనే ఉంటాయి. వీలైతే ఇప్పుడే అన్నీ చదివి పెట్టుకోండి, అవసరం పడ్డ రోజు వెతుక్కునే టైము ఉండదు.

హార్మ్ రిడక్షన్ అంటే ఏమిటి? వాడుకోమని చెప్పడమా?

కాదు. మానేదాకా మనిషి బతికుండేలా చూసుకోవడం. మానగలిగిన వాళ్లకు మానడానికి సాయం చేస్తారు. ఇంకా మానలేని వాళ్లకు హెచ్‌ఐవీ, హెపటైటిస్-సీ, చీము గడ్డలు, డోసు ఎక్కువై చనిపోవడం లాంటివి రాకుండా చూస్తారు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లు సుమారు 8.5 లక్షల మంది. వాళ్లంతా రేపు పొద్దున్నే మానేయరు. మానేదాకా ఒక్కొక్కరికీ కొత్త సూది అందడమా, పక్కవాడి సూది అందడమా అన్నదే అసలు ప్రశ్న.

ఈ పనికి చట్టం అండ కూడా ఉంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, హెచ్‌ఐవీ వ్యాపించకుండా చేసే ఇలాంటి పనులను నేరంగా చూడకూడదు.

మా ఆయన ఏళ్ల తరబడి రోజూ కల్లు తాగుతారు. దుకాణం మూసేశారు. రెండో రోజు నుంచి చేతులు వణుకుతున్నాయి, ఏదేదో మాట్లాడుతున్నారు. నాలుగు రోజులు ఓర్చుకుంటే తగ్గుతుందా?

ఓర్చుకోవద్దు. ఇవాళే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆయనకు అలవాటైంది చెట్టు కల్లు కాకపోవచ్చు, అందులో కలిపిన మందు కావచ్చు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజోఫామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఏళ్ల తరబడి మెదడు వాటి నెమ్మదికి అలవాటుపడిపోతుంది. ఆ మందు ఒక్కసారిగా ఆగితే పట్టు తప్పుతుంది. ముందు నిద్ర పోతుంది, తర్వాత వణుకు, చెమట, లేనివి కనిపించడం, ఆపైన ఫిట్స్. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు సరఫరా ఆగినప్పుడు ఇవే లక్షణాలతో జనం పెద్ద సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. ఊళ్లో దీన్ని గాలి సోకిందనో పిచ్చి పట్టిందనో అనుకుంటారు. ఇది మందు దిగడం వల్ల వచ్చే జబ్బు, దీనికి వైద్యం ఉంది.

డాక్టరుకు నాలుగు విషయాలు చెప్పండి: రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, ఆఖరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా. ఆస్పత్రిలో అదే కుటుంబానికి చెందిన మందును తెలిసిన మోతాదులో ఇచ్చి, కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపేస్తారు. ఆ పని మీరే మెడికల్ షాపులో అల్ప్రాజోలం కొనితెచ్చి చేయకండి. ఎంత నుంచి తగ్గించాలో మీకు తెలియదు, ఎందుకంటే కల్లులో ఎంత కలిపారో ఎవరికీ తెలియదు.

దారిలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, టైము చూసుకోండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం వద్దు. తాళాల వల్ల ఫిట్స్ ఆగవు, చెంచా వల్ల పళ్లు విరుగుతాయి. 5 నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా 108కు ఫోన్ చేయండి.

బ్రాందీ, విస్కీ రోజూ తాగేవాళ్లు మానినా ఇంతేనా?

ఇంతే. ఆఖరి గ్లాసు తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పడం, జ్వరం, పురుగులు పాకుతున్నట్టు అనిపించడం వస్తే అది ప్రాణాపాయం. పొద్దున లేవగానే తాగితే గానీ చేతులు నిలవనివాళ్లు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ఇంట్లో మానే ప్రయత్నం చేయకూడదు. ఆస్పత్రికి చేరేదాకా పూర్తిగా ఆపకుండా తగ్గించుకుంటూ రావడమే మేలు.

ఇంకో సంగతి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తారు. ఎక్కువగా తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటిపోయి ఉంటుంది. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి, కళ్లు అదరడం, నడక తూలడం, జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినడం జరగొచ్చు. సీసా తగిలించే ముందే "థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చారా?" అని అడగండి.

అన్నంలో తెలియకుండా కలిపే పొడి అమ్ముతున్నారు. వాడొచ్చా?

వద్దు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండే అవకాశం ఉంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాళ్లు చనిపోవచ్చు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. డాక్టర్లు ఈ మందు వాడతారు, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, మద్యం ముట్టి కనీసం 12 గంటలు దాటాకే మొదలుపెడతారు. తెలియకుండా పెడితే ఆ మనిషి జాగ్రత్త పడే వీలే ఉండదు.

డోసు ఎక్కువైందని ఎలా గుర్తుపట్టాలి? అప్పటికప్పుడు ఏం చేయాలి?

హెరాయిన్, ట్రమడాల్, టాపెంటడాల్, బ్యుప్రెనార్ఫిన్, ఫోర్ట్‌విన్ లాంటివి ఊపిరిని మందగింపజేస్తాయి. పెదాలు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో మారతాయి. కనుపాపలు సూదిమొనంత అవుతాయి. గొంతులో గరగరమంటూ గురక లాంటి శబ్దం వస్తుంది. గాఢంగా నిద్రపోతున్నాడులే అని వదిలేసేది ఆ గురకను చూసే.

పేరు పెట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దండి. అయినా కదలకపోతే 108కు ఫోన్ చేసి "ఊపిరి ఆడటం లేదు" అని చెప్పండి. ఆ మాటతో వాళ్లకు తొందర అర్థమవుతుంది.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో ఏమైనా ఉంటే తీసేసి, తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, నోటితో నోట్లోకి 5 సెకన్లకు ఒకసారి ఊదండి. ఊదినప్పుడు ఛాతీ లేవాలి. లేవకపోతే తల ఇంకాస్త వెనక్కి వంచండి. ఊపిరి తనంతట తాను మొదలైతే ఎడమ పక్కకు తిప్పి, పైకాలు మడిచి, చెయ్యి చెంప కింద పెట్టి పడుకోబెట్టండి. వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోదు. ఒంటరిగా వదిలి వెళ్లకండి.

మజ్జిగ, నిమ్మరసం, చింతపండు రసం, ఉప్పునీళ్లు ఏవీ నోట్లో పోయొద్దు. స్పృహ లేనివాళ్లకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేపి నడిపించొద్దు, ఇంకో సూది వేయొద్దు.

చాలా చావులు ఒక్క మందు వల్ల కాదు, కలపడం వల్ల జరుగుతాయి. సూదితోపాటు అల్ప్రాజోలం, లేదా మాత్రలతోపాటు మద్యం. రెండూ ఊపిరినే అణచివేస్తాయి.

నాలోక్సోన్ అంటే?

ఓపియాయిడ్లకు, అంటే పైన చెప్పిన హెరాయిన్, ట్రమడాల్ లాంటివాటికి, విరుగుడు. ఇక్కడ మామూలుగా దొరికేది 0.4 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఆంప్యూల్. తొడ కండకో భుజానికో వేస్తారు. 2, 3 నిమిషాల్లో ఊపిరి పుంజుకోకపోతే ఇంకొకటి. ఆ లోపల నోటితో ఊదడం ఆపకూడదు. కొనడానికి డాక్టరు చీటీ కావాలి. సూది వాడే మనిషి ఇంట్లో ఉంటే ఓఎస్‌టీ కేంద్రం (సూది బదులు నాలుక కింద పెట్టుకునే మాత్రతో చికిత్స చేసే చోటు) డాక్టరును దీని గురించి తప్పక అడగండి. అల్ప్రాజోలం, మద్యం మీద ఇది పనిచేయదు, అయితే అనుమానంతో వేసినా హాని లేదు.

గుర్తుంచుకోవాల్సింది: దీని పని 30 నుంచి 90 నిమిషాలే. మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది. లేచి కూర్చుని "బాగానే ఉన్నా" అన్న మనిషి గంట తర్వాత మళ్లీ పడిపోవచ్చు. లేచాడని అంబులెన్సును వెనక్కి పంపొద్దు.

ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందా?

ఆస్పత్రి దాన్ని మెడికో-లీగల్ కేసుగా రాసుకోవచ్చు. కానీ కేసు పేరు చెప్పి వైద్యం ఆపడానికి లేదు. అత్యవసరంలో ముందు ప్రాణం కాపాడాలని పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఏం వాడారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. దాచిపెడితే విరుగుడు ఆలస్యమవుతుంది.

మత్తు వాడటం ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తు పదార్థాల చట్టం) 27వ సెక్షన్ కింద నేరమే. హెరాయిన్, కొకైన్ లాంటివైతే ఏడాది దాకా, గంజాయి లాంటివైతే 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయితే అదే చట్టం 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసులోనో, చిన్న మొత్తం దొరికిన కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కోరవచ్చు. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ తీసేయవచ్చు. చిన్న మొత్తం అంటే గంజాయి 1 కిలో దాకా, హెరాయిన్ 5 గ్రాముల దాకా. వకీలుతో మాట్లాడేటప్పుడు ఈ సెక్షన్ పేరెత్తండి, చాలామంది ఎత్తరు.

సూది వాడటం ఇంకా మానలేదు. కనీసం ఏం చూసుకోవాలి?

ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి. ఒకే మనిషి తన సూదినే మళ్లీ వాడినా మొన వంగి నరం చీలుతుంది. సూది ఒక్కటే కాదు, నీళ్లు, చెంచా, దూది కూడా ఎవరివి వాళ్లవే ఉండాలి. "సూది వేరే, నీళ్లు మాత్రం ఒకటే" అన్నచోటే హెపటైటిస్-సీ అంటుకుంటుంది. ఆ వైరస్ సిరంజిలో వారాల తరబడి బతుకుతుంది. బ్లీచింగ్‌తో కడగడం ఏ దారీ లేనప్పుడు చేసే పని, దాన్ని నమ్ముకోవద్దు.

చేతులు సబ్బుతో కడుక్కోండి. గుచ్చే ముందు స్పిరిట్ దూదితో ఒకే వైపుకు ఒకసారి తుడిచి ఆరనివ్వండి. తీసేశాక పొడి దూదితో నొక్కి పట్టండి. అప్పుడు స్పిరిట్ పెడితే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. గుచ్చే చోటు రోజూ మార్చండి. మెడ, గజ్జ, వేళ్లు ముట్టుకోవద్దు. రక్తం ఎర్రగా కొట్టుకుంటూ వచ్చినా, భరించలేని నొప్పి వచ్చినా అది ధమని. వెంటనే తీసేసి, 10 నిమిషాలు గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి ఆస్పత్రికి వెళ్లండి.

మాత్రలు నలిపి ఎక్కించుకోవడం అన్నిటికన్నా చెడ్డది. మాత్రలోని సుద్ద, పిండి, టాల్క్ నీళ్లలో కరగవు. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని వేళ్లు నల్లబడి కుళ్లిపోతాయి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నిమ్మరసం కలపడం వల్ల బూజు క్రిములు రక్తంలోకి పోయి చూపు పోవచ్చు. ఒంటరిగా వాడొద్దు, తలుపు గడియ వేసుకోవద్దు.

వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, సూదులిచ్చే కేంద్రంలో తిరిగి ఇవ్వండి. చెత్తబుట్టలో వేస్తే గుచ్చుకునేది పారిశుధ్య కార్మికురాలి చేతికి.

గుచ్చిన చోట గడ్డ కట్టింది.

పిండొద్దు, బ్లేడుతో కోయొద్దు. ఎర్రగా, వేడిగా, మెత్తగా ఉంటే చీము పట్టినట్టే, ఆస్పత్రిలో తీయించుకోవాలి. టీటీ వేయించుకోండి. చలి జ్వరం, చేయి పొడవునా ఎర్ర చార, ఆయాసం ఉంటే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకో గుండె కవాటాలకో పాకి ఉండొచ్చు. అది తెల్లారేదాకా కూడా ఆగే పని కాదు.

ఏ టెస్టులు చేయించుకోవాలి?

హెచ్‌ఐవీ, హెపటైటిస్-బీ, హెపటైటిస్-సీ, టీబీ. హెచ్‌ఐవీ టెస్టు ప్రభుత్వ ఆస్పత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) ఉచితం, ఫలితం గోప్యంగా ఉంచుతారు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి సూది గుచ్చుకుంటే 72 గంటల లోపల, ఎంత తొందరగా అయితే అంత మంచిది, పీఈపీ మందులు (హెచ్‌ఐవీ అంటుకోకుండా ఆపేవి) మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బీకి టీకా ఉంది: 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. హెపటైటిస్-సీకి టీకా లేదు కానీ పూర్తిగా నయమవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో మందులు ఉచితం. లివర్ గట్టిపడకపోతే సోఫోస్‌బువిర్, డాక్లాటాస్‌విర్ మాత్రలు 12 వారాలు. యాంటీబాడీ టెస్టు పాజిటివ్ అనగానే జబ్బు ఉందని కాదు, నయమైనా అది జీవితాంతం పాజిటివే. వైరల్ లోడ్ టెస్టుతోనే తేలుతుంది. నయమయ్యాక మళ్లీ సూది పంచుకుంటే మళ్లీ వస్తుంది.

ఓఎస్‌టీ అంటే ఒక మత్తు మానిపించి ఇంకో మత్తు అలవాటు చేయడమేగా?

ఈ అపోహ వల్ల చికిత్స మధ్యలో మానేసి ప్రాణం పోగొట్టుకునేవాళ్లున్నారు, అందుకే కాస్త వివరంగా. హెరాయిన్ రోజుకు మూడు నాలుగుసార్లు ఎక్కి దిగుతుంది. దిగినప్పుడల్లా ఒళ్లు నొప్పులు, ముక్కు కారడం, విరేచనాలు. రోజంతా డబ్బు వెతుక్కోవడానికే సరిపోతుంది. ఓఎస్‌టీలో ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ మాత్ర రోజుకు ఒక్కసారి చాలు. ఎక్కదు, దిగదు. మనిషి పనికి పోగలడు, నిద్రపోగలడు. సూది అవసరం పోతుంది.

మాత్రను కేంద్రంలోనే, సిబ్బంది ఎదుట, నాలుక కింద పెట్టుకోవాలి. పూర్తిగా కరిగేదాకా 5 నుంచి 10 నిమిషాలు మింగొద్దు, నీళ్లు తాగొద్దు, మాట్లాడొద్దు. మింగితే మందు చాలావరకు వృథా. మొదటి డోసు విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. పొద్దున హెరాయిన్ తీసుకుని మధ్యాహ్నం ఓఎస్‌టీకి వస్తారు. బ్యుప్రెనార్ఫిన్ ఒంట్లోని హెరాయిన్‌ను ఒక్కసారిగా తోసేసి దాని స్థానంలో కూర్చుంటుంది, నరకం కనిపిస్తుంది, ఇంకెప్పుడూ రారు. ఆఖరిసారి వాడి కనీసం 12 గంటలై, ఆవలింతలు, చెమట, కనుపాపలు పెద్దవవడం మొదలయ్యాకే మొదటి మాత్ర. మొదట 2 నుంచి 4 మిల్లీగ్రాములిచ్చి, రెండు గంటలు చూసి అవసరమైతే పెంచుతారు. వాడినదెప్పుడో నిజం చెప్పండి, తిట్టరు.

నెలల తరబడి, చాలామందికి ఏడాది పైనే కొనసాగాలి. "ఇక చాల్లే" అని ఇంట్లోవాళ్లు తొందరపెట్టి ఆపించకండి.

మా తమ్ముడు జైలు నుంచి, లేదా రీహాబ్ నుంచి వచ్చేస్తున్నాడు. ఏం జాగ్రత్త పడాలి?

మొదటి రెండు వారాలు. వాడకుండా ఉన్న నెలల్లో ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది, మనసుకు పాత లెక్కే గుర్తుంటుంది. ఒకప్పటి మామూలు డోసే ఇప్పుడు చంపుతుంది. ఈ మాట అతనికి సూటిగా చెప్పండి: "మళ్లీ వాడితే పాత మోతాదు వద్దు, ఒక్కడివే ఉండొద్దు, మాకు చెప్పు." ఇలా చెప్పడం అనుమతి ఇవ్వడం కాదు. బయటికొచ్చిన రోజే ఓఎస్‌టీ కేంద్రానికి తీసుకెళ్లగలిగితే అంతకన్నా మంచి పని లేదు.

ఉచిత సాయం ఎక్కడ దొరుకుతుంది?

మత్తు విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్యానికి టెలీ-మానస్ 14416, రాత్రీ పగలూ, తెలుగులోనే మాట్లాడతారు. హెచ్‌ఐవీ, సూదుల కార్యక్రమం, ఓఎస్‌టీ కేంద్రాల వివరాలకు 1097. పిల్లలకైతే 1098. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల పెద్ద దిక్కు. జిల్లా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలోనూ అడగండి. పోలీసు శాఖ ఇచ్చే మత్తు నిరోధక నంబర్లు అమ్మేవాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి, చికిత్స కోసం కాదు.

ప్రైవేటు సెంటర్లో చేర్చే ముందు ఏం చూడాలి?

రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఏం చేస్తారు, ఫోన్లో మాట్లాడనిస్తారా. "మూడు నెలలు చూడటానికి రావొద్దు" అంటే అక్కడ చేర్చకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనిషిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదు. వ్యాన్‌లో వచ్చి బలవంతంగా ఎత్తుకెళ్లే పద్ధతి వైద్యం కాదు.

మా అబ్బాయికి 16 ఏళ్లు, గంజాయి తాగుతున్నాడు.

కొట్టి గదిలో పెట్టడం వల్ల మీకు చెప్పడం మానేస్తాడు, అంతే. ఎప్పుడు, ఎవరితో, ఎందుకు తాగుతున్నాడో నెమ్మదిగా అడగండి. మానితే చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానం, చెవిలో మాటలు వినిపించడం ఉంటే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకు చూపించండి. చిన్న వయసులో ఇది మానసిక జబ్బుకు దారి తీయవచ్చు. బండి తాళాలు మాత్రం తీసుకోండి.

వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లలను చూశాం.

వెంటపడి తరమొద్దు, అరవొద్దు. పీల్చిన వెంటనే భయపడినా పరిగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే చనిపోవచ్చు. నెమ్మదిగా దగ్గర కూర్చోండి, గాలి ఆడే చోటికి తీసుకురండి, 1098కు చెప్పండి.

గర్భిణి మత్తు వాడుతోంది. వెంటనే మాన్పించాలా?

ఓపియాయిడ్లయితే ఉన్నట్టుండి ఆపొద్దు, గర్భం పోయే ప్రమాదం ఉంది. ఓఎస్‌టీ గర్భంలోనూ ఇస్తారు. బిడ్డ పుట్టాక కొన్ని రోజులు చిరాకుగా, వణుకుతూ ఉండొచ్చు, దానికి ఆస్పత్రిలో వైద్యం చేస్తారు. కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పాలి. ఆమెను తిట్టి ఆస్పత్రికి దూరం చేయకండి, తల్లీబిడ్డలిద్దరికీ అదే అన్నిటికన్నా నష్టం.

అమెరికాలో చదువుకునే మా పిల్లలకు ఏం చెప్పాలి?

పరీక్షల ముందు స్నేహితులిచ్చే అడెరాల్, జానాక్స్ మాత్రలు మందుల షాపువి కాకపోతే వాటిలో ఫెంటానిల్ (హెరాయిన్ లాంటిదే, చాలా బలమైన మత్తు) ఉండొచ్చు. కొద్ది మిల్లీగ్రాములే ప్రాణం తీస్తాయి. అక్కడ ముక్కులో కొట్టే 4 మిల్లీగ్రాముల నాలోక్సోన్ స్ప్రేని 2023 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు. గదిలో ఒకటి ఉంచుకోమనండి. ఎవరైనా పడిపోతే వీసా గురించి ఆలోచిస్తూ ఆగకుండా 911కు ఫోన్ చేయమనండి. చాలా రాష్ట్రాల్లో అలా ఫోన్ చేసినవాళ్లకు చట్టం ఎంతో కొంత రక్షణ ఇస్తుంది.